కొత్త రైఫిల్ గురి తప్పుతోందా? ముందు పది షాట్లు కొలవండి

2012 జులై 30. లండన్‌లోని రాయల్ ఆర్టిలరీ బ్యారక్స్‌లో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ ఫైనల్లో పది షాట్లకు 103.1 కొట్టాడు. స్వర్ణం గెలిచిన రొమేనియా షూటర్ అలిన్ మొల్దొవెయాను ఫైనల్లో కొట్టింది కూడా సరిగ్గా 103.1. ఇద్దరి మధ్య తేడా అంతా అంతకుముందు జరిగిన 60 షాట్ల క్వాలిఫయింగ్‌లోనే ఉంది. అక్కడ మొల్దొవెయాను 599, నారంగ్ 598. మొత్తం కలిపితే 702.1, 701.1. మధ్యలో ఇటలీకి చెందిన కాంప్రియానీ 701.5తో రజతం తీసుకున్నాడు. నారంగ్‌కు కాంస్యం దక్కింది.

ఆ ఒక్క పాయింటు విలువ మిల్లీమీటర్లలో చూస్తే ఈ ఆట ఎంత సన్ననిదో తెలుస్తుంది. 10 మీటర్ల టార్గెట్ మధ్యలో ఉండే 'పది' అనేది 0.5 మి.మీ. చుక్క మాత్రమే. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వచ్చినట్టే. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడాలి. వెంట్రుకవాసి బయట పడినా తొమ్మిదే. అప్పట్లో క్వాలిఫయింగ్‌లో దశాంశాలు లెక్కించేవారు కాదు కాబట్టి 9.9 కొట్టినా చేతికొచ్చేది 9. క్వాలిఫయింగ్‌లో దశాంశాలు 2013 నుంచి వచ్చాయి. ఇప్పుడు ప్రతి 0.25 మి.మీ.కీ పదో వంతు పాయింటు పోతుంది. కేంద్రానికి 0.25 మి.మీ. లోపు పడితే 10.9, ఆ తర్వాతి 0.25లో పడితే 10.8, అలా 10.0 దాకా.

ఇలాంటి ఆట కోసం వరంగల్‌లోనో హనుమకొండలోనో ఒక ఇంట్లో రెండు లక్షల పైన పోసి పిల్లకో పిల్లాడికో మ్యాచ్ రైఫిల్ కొంటారు. మొదటి వారం షాట్లు చెదిరిపోతాయి. పాత క్లబ్ రైఫిల్‌తోనే నయం అనిపిస్తుంది. బ్యారెల్లో లోపమా, పెల్లెట్ నప్పలేదా, డీలర్ మోసం చేశాడా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఈ చర్చలో నా మాట ఒక్కటే. రైఫిల్‌పై తీర్పు చెప్పడానికి చాలామంది కొట్టే షాట్లు సరిపోవు. ఆ సరిపోని షాట్లను నమ్మి చేసే మార్పులు రైఫిల్ లోపం కంటే ఎక్కువ నష్టం చేస్తాయి. ఇది ఊరికే అనడం లేదు, కింద లెక్క ఉంది.

ముందు చట్టం సంగతి. రైఫిల్, గురి అనగానే మన వైపు పెద్దవాళ్లకు పాకాల, ఏటూరునాగారం అడవులు, నిజాం కాలం నాటి వేటలు గుర్తొస్తాయి. ఆ అడవులు ఇప్పుడు అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధించింది. పంట నాశనం చేసే అడవిపంది విషయంలో కూడా అధికారిక అనుమతి లేకుండా ఎవరూ తుపాకి ఎత్తడానికి వీల్లేదు. కాబట్టి ఇక్కడ గురి గురించిన మాటంతా రేంజ్‌లో కాగితం మీద కొట్టే గురి గురించే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ శక్తి ఇందులో సగం కూడా ఉండదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే 7.7 జౌళ్లే. 50 మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ టూటూ రైఫిల్‌కు మాత్రం లైసెన్సు తప్పనిసరి. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో దూరపు గురి రైఫిల్ కొన్నవాళ్లకూ ఇదే బాధ, ఇదే లెక్క. వాళ్లు మి.మీ.కు బదులు కోణంలో, నిమిషాల్లో మాట్లాడతారు. ఒక నిమిషం కోణం 100 మీటర్ల దగ్గర 29 మి.మీ., 300 మీటర్ల దగ్గర 87 మి.మీ. అవుతుంది.

ఇక గ్రూపు సంగతి. వరంగల్ కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్లకు గ్రూపింగ్ అంటే చెప్పక్కర్లేదు. ఒకే చోట గురిపెట్టి కొన్ని షాట్లు కొట్టి, అవి ఎంత దగ్గరగా పడ్డాయో చూడటం. అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరాన్ని, కేంద్రం నుంచి కేంద్రానికి, గ్రూపు సైజు అంటారు. అంచు నుంచి అంచుకు కొలిస్తే అందులోంచి 4.5 మి.మీ. తీసేయాలి. డీలర్ ఇచ్చిన టెస్టు కార్డుతో ఇంట్లో కొట్టిన కార్డును పోల్చేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. ఒకటి అంచుల కొలత, ఒకటి కేంద్రాల కొలత అయితే రైఫిల్ ఏ పాపం ఎరగకుండానే 4.5 మి.మీ. తేడా కనబడుతుంది.

గ్రూపు సైజు షాట్ల సంఖ్యను బట్టి మారుతుంది. షాట్లు అడ్డంగానూ నిలువుగానూ ఎంతెంత చెదురుతాయో చెప్పే అంకె ఒకటుంది. ఇంటర్ గణితంలో ప్రామాణిక విచలనం అని చదువుకున్నదే. దాన్ని ఇక్కడ 'చెదురు' అని పిలుద్దాం. చెదురు 1 మి.మీ. ఉన్న రైఫిల్‌తో మూడేసి షాట్ల గ్రూపులు కొడుతూ పోతే సగటు సైజు 2.4 మి.మీ. వస్తుంది. ఐదేసి షాట్లకు 3.1, పదేసి షాట్లకు 3.8. రైఫిల్ అదే, చెయ్యి అదే. అందుకే ఒకరి మూడు షాట్ల గ్రూపును ఇంకొకరి పది షాట్ల గ్రూపుతో పోల్చి 'నాది బాలేదు' అనుకోవడం అన్యాయం.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ సగటు చుట్టూ ఊగిసలాట. మూడు షాట్ల గ్రూపు తన సగటు నుంచి 37 శాతం అటూ ఇటూ ఊగడం మామూలు. ఐదు షాట్లకు ఇది 27 శాతం, పది షాట్లకు 19 శాతం. 50 మీటర్ల రైఫిల్ చెదురు 4 మి.మీ. అనుకుందాం. మూడు షాట్ల గ్రూపు సగటున 9.6 మి.మీ. ఉంటుంది. కానీ ఒకసారి 6, ఇంకోసారి 13 రావడంలో వింతేమీ లేదు. ఇప్పుడు ఒక కంపెనీ తూటాతో మూడు కొట్టి 6 చూసి, ఇంకో కంపెనీ తూటాతో మూడు కొట్టి 13 చూసి, మొదటిది రెండింతలు మేలని డబ్బాలకు డబ్బాలు కొనేవాళ్లు ఉన్నారు. ఆ రెండు తూటాలూ ఒకటే అయినా అలా రావచ్చు. పోల్చాలంటే ఒక్కోదానితో పదేసి షాట్ల గ్రూపులు కనీసం మూడు కొట్టాలి. పది షాట్ల గ్రూపులు ఒక్కొక్కటే ఉంటే పావు వంతు తేడాను కూడా నమ్మకండి.

షూటర్ చెదురు, రైఫిల్ చెదురు ఎలా కలుస్తాయో చూడాలి. అవి మామూలుగా కూడవు. పైథాగరస్ సిద్ధాంతంలో భుజాల్లాగే వర్గాలుగా కూడతాయి. ఎదుగుతున్న ఒక జూనియర్ షూటర్ చేతి చెదురు 1.5 మి.మీ., మంచి మ్యాచ్ రైఫిల్, పెల్లెట్ల చెదురు 0.3 మి.మీ. అనుకుందాం. మొత్తం చెదురు 2.25కు 0.09 కలిపి వర్గమూలం తీస్తే 1.53. అంటే రైఫిల్ వాటా దాదాపు కనబడదు. ఈ లెక్కన 60 షాట్లకు దశాంశాలతో సగటు స్కోరు 611 చుట్టూ ఉంటుంది. రైఫిల్ చెదురు రెండింతలై 0.6 అయిందనుకోండి, స్కోరు 608కి దిగుతుంది. రైఫిల్ అలాగే ఉండి షూటర్ తన చెదురును 1.5 నుంచి 1.2కు తగ్గించుకుంటే స్కోరు 620కి చేరుతుంది. రైఫిల్ రెండింతలు చెడితే పోయేది 3 పాయింట్లు, చెయ్యి ఐదో వంతు కుదిరితే వచ్చేది 9 పాయింట్లు. కొత్త రైఫిల్‌తో మొదటి వారం స్కోరు 15 పాయింట్లు పడిపోతే, దానికి రైఫిలే కారణం కావాలంటే రైఫిల్ చెదురు దాదాపు 1.4 మి.మీ. ఉండాలి. అది జరగదని కాదు. కానీ బట్ ప్లేటు పొడుగు, చెంప ఆనే చెక్క ఎత్తు, ట్రిగ్గర్ దూరం కొత్తగా ఉండి షూటర్ చెదురే పెరగడం దానికంటే చాలా మామూలు విషయం.

ఇప్పుడు అసలు నష్టం దగ్గరికి వద్దాం. సైటు క్లిక్కులు. మొదటి షాట్ రెండు మి.మీ. కుడికి పడింది. షూటరో పక్కనున్న నాన్నో వెంటనే సైటును అంత మేర ఎడమకు తిప్పిస్తారు. రెండోది కిందికి పడింది. పైకి తిప్పుతారు. ప్రతి షాట్‌కూ అది తప్పినంతా సరిదిద్దుతూ పోతే ఏమవుతుందో గణితం కచ్చితంగా చెబుతుంది. ముందు షాట్ తప్పు ఈ షాట్ తప్పుకు జమ అవుతుంది. చెదురు వర్గం రెండింతలవుతుంది, అంటే చెదురు 41 శాతం పెరుగుతుంది. పైన చెప్పిన జూనియర్‌కు 1.53 కాస్తా 2.16 అవుతుంది. స్కోరు 611 నుంచి దాదాపు 592. నిజంగానే బ్యారెల్ చెడిపోయి రైఫిల్ చెదురు 0.3 నుంచి 1.5కు, ఐదింతలకు పెరిగితే స్కోరు ఎంత అవుతుందో లెక్క కట్టాను. 593. మంచి రైఫిల్ మీద ఆత్రంగా తిప్పిన క్లిక్కులు, ఐదింతలు చెడ్డ బ్యారెల్, రెండూ ఒక్కటే నష్టం చేస్తున్నాయి. పైగా కార్డు చూస్తే రెండూ ఒకేలా చెదిరి కనిపిస్తాయి. పిల్లలు దాన్ని చూసి 'నా రైఫిల్ బాలేదు' అని నిజాయతీగానే నమ్ముతారు.

ఐదు షాట్ల తర్వాత సైటు తిప్పినా ఆ ఐదింటి మధ్యబిందువులో 0.7 మి.మీ. దాకా ఊగిసలాట ఉంటుంది. దశాంశాల్లో దాదాపు 3. పది షాట్లకు ఇది 0.5 అవుతుంది. కాబట్టి పది షాట్లు కొట్టి, వాటి మధ్యబిందువు చూసి, ఒక్కసారి తిప్పి, మళ్లీ పది కొట్టండి. క్లిక్కు విలువ మాన్యువల్‌లో ఉన్నదే నమ్మకుండా కొలవండి. పది క్లిక్కులు కుడికి తిప్పి గ్రూపు కొట్టండి, పది వెనక్కి తిప్పి ఇంకో గ్రూపు కొట్టండి. రెండో గ్రూపు క్లిక్కులు తిప్పకముందు కొట్టిన చోటికి రాకపోతే సైటులోనే ఆట ఉందన్నమాట.

అభినవ్ బింద్రా కథ ఇక్కడ పనికొస్తుంది. బీజింగ్‌లో 2008 ఆగస్టు 11న ఫైనల్‌కు ముందు సన్నాహక షాట్లు కొడితే అవి మధ్యకు చాలా దూరంగా పడ్డాయని, సైటు కదిలిపోయి ఉందని ఆయన తర్వాత తన ఆత్మకథలో రాశాడు. ఉన్న కొద్ది నిమిషాల్లో సరిదిద్దుకుని ఫైనల్లో 104.5 కొట్టి, మొత్తం 700.5తో భారత్‌కు తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. గ్రూపు మొత్తం ఒకవైపు జరిగితే అది సైటు పని. దాన్ని క్లిక్కులతో సరిచేయొచ్చు. గ్రూపు విచ్చుకుపోతే మాత్రం క్లిక్కులతో బాగుపడదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే సగం మరమ్మతు. 2004 ఏథెన్స్‌లో ఆయనకు ఎదురైంది రెండో రకం. క్వాలిఫయింగ్‌లో 597, ఫైనల్లో 97.6, చివరికి ఏడో స్థానం. తను నిలబడిన చోట నేల పలక వదులుగా ఉండి అదిరేదని ఆయనకు తర్వాత తెలిసింది. రైఫిల్ మారలేదు, మనిషి మారలేదు, నేల మారింది.

అయితే రైఫిల్‌ను ఎప్పుడు అనుమానించాలి? మనిషిని పక్కకు తప్పించినప్పుడు. రైఫిల్‌ను బ్యారెల్ పట్టుకుని కాకుండా మధ్యభాగం దగ్గర వైస్‌లో బిగించి, అది దొరకకపోతే ముందూ వెనకా ఇసుక సంచులపై ఆనించి, సైటు ముట్టుకోకుండా పది షాట్లు కొట్టాలి. బిగించిన రైఫిల్ చెదురు 0.3 అయితే పది షాట్ల గ్రూపు కేంద్రాల మధ్య 1.1 మి.మీ., అంచుల మధ్య 5.6 మి.మీ. రావాలి. చెదురు 0.6 అయితే అంచుల మధ్య 6.8. 1.5 అయితే 10 దాటుతుంది. వైస్‌లో పది షాట్లు మూడుసార్లు కొట్టి, మూడుసార్లూ ఎనిమిదికి పైన వస్తే డీలర్‌కు ఫోన్ చేయండి. ఆరు లోపు వస్తే ఇక బ్యారెల్ మాట ఎత్తొద్దు. ఇసుక సంచుల మీద మనిషి వాటా కొంత మిగిలే ఉంటుంది కాబట్టి అంత కచ్చితంగా తీర్పు చెప్పలేం.

వైస్ గ్రూపు ఆకారం కూడా మాట్లాడుతుంది. నిలువుగా సాగితే వేగం చూడండి. 10 మీటర్లు వెళ్లేలోగా పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల వేగంలో 16 మి.మీ. కిందికి జారుతుంది. 165 మీటర్ల వేగంలో 18 మి.మీ. జారుతుంది. వేగంలో 10 మీటర్ల తేడా వస్తే టార్గెట్ మీద 2 మి.మీ. నిలువు తేడా, అంటే 8 దశాంశాలు. సెకనుకు 3 మీటర్ల తేడా అయితే అర మి.మీ. కొంచెం దాటుతుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉన్న కోచ్ దగ్గరకు వెళ్లి ఇరవై షాట్ల వేగం రాయించుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. వేగం ఊగుతుంటే గాలి ఒత్తిడిని క్రమబద్ధం చేసే రెగ్యులేటర్‌నో, సీళ్లనో అనుమానించాలి. రైఫిల్ రోజుల తరబడి పెట్టెలో ఉండి వస్తే మొదటి రెండు మూడు షాట్లు తేడాగా పడటం ఉంటుంది. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

సిలిండర్ గురించి ఒక మాట తప్పక చెప్పాలి, ఇది గురికే కాదు, ప్రాణానికి సంబంధించింది. మ్యాచ్ సిలిండర్లలో మామూలుగా 200 బార్ దాకా గాలి నింపుతారు. మే నెలలో వరంగల్ నుంచి గచ్చిబౌలి రేంజ్‌కు నూటయాభై కిలోమీటర్లు దాటిన ప్రయాణం, మధ్యలో భోజనానికి ఎండలో ఆపిన కారు. 25 డిగ్రీల గదిలో నింపిన 200 బార్, కారు లోపల 60 డిగ్రీలు చేరితే 223 బార్ అవుతుంది. సిలిండర్‌ను కారులో వదిలేయొద్దు. నిండా నింపి ప్రయాణం పెట్టుకోవద్దు. దానిపై చెక్కిన తేదీ చూడండి. ఈ సిలిండర్ల ఆయుష్షు మామూలుగా పదేళ్లు. గడువు దాటినవాటిని పోటీల్లోనూ రానివ్వరు. సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొనేవాళ్లు బ్యారెల్ కంటే ముందు చూడాల్సింది ఈ తేదీనే.

గ్రూపు అడ్డంగా సాగిందంటే, అదీ వైస్‌లో కాకుండా భుజాన ఉన్నప్పుడే సాగిందంటే, రైఫిల్ పక్కకు ఒరగడం చూడండి. రైఫిల్‌ను కొద్దిగా లోపలికి ఒరిగించి పట్టడం తప్పు కాదు. ప్రతి షాట్‌కూ వేర్వేరుగా ఒరగడమే తప్పు. 10 మీటర్లలో 5 డిగ్రీల ఒరుగు మారితే షాట్ 1.4 మి.మీ. పక్కకు పోతుంది, ఐదు దశాంశాలకు పైనే. 50 మీటర్లలో పాయింట్ టూటూ తూటా దాదాపు 127 మి.మీ. కిందికి జారుతుంది కాబట్టి అదే 5 డిగ్రీలకు 11 మి.మీ. పక్కకు వెళ్తుంది. అక్కడ పది రావాలంటే తూటా కేంద్రం 8 మి.మీ. లోపల పడాలి. 11 అంటే తొమ్మిదే. ముందు సైటులో పెట్టే చిన్న స్పిరిట్ లెవెల్‌కు ఉన్నంత విలువ, దాని ధరతో పోలిస్తే, ఇంకే సామానుకూ లేదని నా అభిప్రాయం.

స్టాక్‌ను రైఫిల్ మధ్యభాగానికి పట్టి ఉంచే స్క్రూల సంగతి త్వరగా చెప్పేస్తాను. కొత్త రైఫిల్ కుదుపుల్లో అవి వదులవుతాయి. మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపు అంకెకు టార్క్ రెంచితో బిగించండి. చేతి అంచనాతో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే అదే కొత్త లోపం అవుతుంది. పాయింట్ టూటూ రైఫిల్లో ఇది ఇంకా ముఖ్యం.

పెల్లెట్లు 4.49, 4.50, 4.51 అని తల సైజులను బట్టి వస్తాయి. ఏ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో వైస్‌లో కొడితేనే తెలుస్తుంది. ఒక్కో సైజుతో ముప్ఫై షాట్లు, అంటే మూడు సైజులకు తొంభై. డబ్బాలో 500 ఉంటాయి, ఈ పరీక్షకు పోయేది కొంచెమే. పాయింట్ టూటూ తూటాల్లో లాట్ నంబరు చూసుకోవాలి. ఒకే పేరుతో ఉన్న రెండు లాట్ల వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర 8 మి.మీ. నిలువు తేడా వస్తుంది. నప్పిన లాట్ దొరికితే సీజన్‌కు సరిపడా అదే కొనుక్కోండి.

ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చండి. పెల్లెట్, స్క్రూ, బట్ ప్లేటు మూడూ ఒకే సాయంత్రం మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. చెడిపోతే మరీ కష్టం.

డీలర్‌కు వెనక్కి పంపాల్సి వస్తే 'గురి సరిగ్గా లేదు' అని రాస్తే పని జరగదు. కాగితంపై ఇవి ఉండాలి: వైస్‌లో కొట్టిన మూడు పది షాట్ల కార్డులు, అంచుల కొలతో కేంద్రాల కొలతో స్పష్టంగా రాసి, పెల్లెట్ పేరు, తల సైజు, లాట్ నంబరు, ఇరవై షాట్ల వేగాలు, ఆ రోజు ఉష్ణోగ్రత, సిలిండర్ ఒత్తిడి, స్క్రూలు ఎంత బిగించారో, రైఫిల్‌తో వచ్చిన అసలు టెస్టు కార్డు ఫొటో. ఈ కాగితం చూసిన మెకానిక్ మొదటి రోజే సరైన చోట చెయ్యి పెడతాడు. అది తయారు చేయడానికి ఒక ఆదివారం, ఒక డబ్బా పెల్లెట్లు చాలు.